స్వయంగా పట్టిన నీళ్ళు

గరికపాడు చెక్‌పోస్టు పక్కన ధాబాలో మొన్న ఒక టీ చెప్పాను. హైదరాబాద్‌లో పెళ్ళి చూసుకుని జగ్గయ్యపేట తిరిగి వస్తున్నాం. బయట ఎండ, లారీల దుమ్ము, నాకు తలనొప్పి. దంచిన అల్లం వాసన ముక్కుకి తగలగానే సగం నొప్పి దిగింది. కానీ మొదటి గుక్క గొంతు దిగేలోపే అల్లం వెనక నుంచి, పంచదార వెనక నుంచి ఒక సుద్ద రుచి నాలుక అంచుకి తగిలింది. ఇక తాగలేకపోయాను. గ్లాసు బల్ల మీద పెట్టి ధాబా అతన్ని పిలిచాను.

“ఈ నీళ్ళు ఎక్కడివి బాబూ?”

“గీ బోరువే మేడం. మంచిగనే ఉంటయ్.”

“ఎన్ని అడుగులు వేశారు?”

అతను నా ముఖం చూసి, మా ఆయన ముఖం చూసి, “మా సేటుకెరుక” అని లోపలికి వెళ్ళిపోయాడు. మా ఆయన తల పట్టుకుని, “ఇక్కడ కూడా మొదలెట్టావా? తాగితే తాగు, లేకపోతే పద” అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. అందరూ టీ దగ్గర కూర్చుంటే టీ తాగుతారు. నేనొక్కదాన్నే బోరు లోతు కనుక్కుంటాను. ఈ రోగం నాకు పుట్టుకతో రాలేదు, ఒక పెద్దమనిషి అంటించారు. ఆయన పేరు దేవదానం మాస్టారు. యూనివర్సిటీలో మాకు కెమిస్ట్రీ చెప్పారు. ఆయన పోయి రెండేళ్ళవుతోంది. ఆయన మీద నా విసుగు మాత్రం ఇంకా పోలేదు.

మాస్టారిది రెడ్డిగూడెం. సన్నగా, పొడవుగా ఉండేవారు. ఎప్పుడూ పొట్టి చేతుల చొక్కా, జేబులో పెన్ను బదులు పెన్సిలు. విశ్వవిద్యాలయం సైన్సు విభాగంలో ఆయన కంటే పెద్ద పేరున్నవాళ్ళు, విదేశాలు తిరిగొచ్చినవాళ్ళు చాలామంది ఉండేవారు. వాళ్ళలో సగం మంది ముఖాలు నాకిప్పుడు గుర్తు లేవు. ఈయన గుర్తుకు రాని రోజు లేదు. అందుకు మొదటి కారణం ఆయన పిలుపు. ఎమ్మెస్సీలో చేరిన మొదటి వారం ల్యాబ్‌లో పిపెట్ పట్టుకుని నిలబడితే వెనక నుంచి, “కరుణ గారూ, కొంచెం పైకెత్తి కంటికి సమానంగా పట్టుకోండి” అని వినిపించింది. ఆ కరుణ గారు ఎవరా అని నేను వెనక్కి తిరిగి చూశాను. మా అమ్మానాన్నలు మిరప కోతలకీ పత్తి తీతలకీ వెళ్ళే మనుషులు. మా ఊళ్ళో ఆసాముల ఇళ్ళ పిల్లలు కూడా మా నాన్నని ‘ఒరేయ్’ అనేవాళ్ళు, ఆయన ‘అయ్యా’ అని పలికేవాడు. ఆ ఇంట్లోంచి వచ్చిన నన్ను ‘గారూ’ అన్న మొదటి మనిషి దేవదానం మాస్టారు. హాస్టల్‌కి వెళ్ళి ఆ పిలుపుని నాకు నేనే రెండుసార్లు అనుకుని చూసుకున్నాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే గానీ, ఏడుపొచ్చింది.

ఆ ‘గారూ’ వెనక ఎంత చాకిరీ ఉందో తర్వాత తెలిసింది. ఆయన ఎవరినీ కోప్పడేవారు కాదు. “ఈ అంకె మీరు చూసి రాసారా, పక్కవాళ్ళని చూసి రాసారాండీ?” అని మర్యాదగా అడిగేవారు. దానికంటే నాలుగు చివాట్లు పెడితే హాయిగా ఉండేది.

మా బ్యాచి పదకొండు మందిమి. ఆఖరి పరీక్ష అయిన రోజు పూర్వ విద్యార్థుల సంఘం వాళ్ళు వచ్చి మా చేత ఫారాలు నింపించుకున్నారు. చిరునామా, ఫోను నెంబరు, సంఘానికి మీరు ఏ విధంగా తోడ్పడగలరు అన్న ప్రశ్న. ఏటా ఒక సభ ఉంటుందనీ, గురువులకి శాలువాలు కప్పుతామనీ, అందరూ తప్పక రావాలనీ చెప్పి వెళ్ళారు. వాళ్ళటు వెళ్ళగానే మాస్టారు మమ్మల్ని ల్యాబ్‌లోకి పిలిచి తలా ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా చేతిలో పెట్టారు. లీటరు సీసా.

“ఏటా మే నెల రెండో శనివారం దీన్ని మీ ఊరి బోరింగు నీళ్ళతో నింపి ఇక్కడికి తీసుకురండి. మన ల్యాబ్‌లో, మీ చేత్తోనే ఫ్లోరైడ్ ఎంతుందో కొలుద్దాం.”

“ఎన్నేళ్ళు తేవాలి మాస్టారూ?” అని ఎవరో అడిగారు.

“బోరింగు ఉన్నన్నాళ్ళండీ.”

మేము నవ్వాం. ఆయన నవ్వలేదు. “శాలువా కప్పడానికి ఒకసారి వస్తారండీ. రెండోసారి ఎందుకొస్తారు? పని లేని చోటికి ఎవరైనా చుట్టపుచూపుగానే వస్తారు. చదువుకున్న చోట మీకో పని ఉండాలండి” అన్నారు. అంతకుమించి వివరించలేదు. నియమాల కాగితం మాత్రం ఒకటి ఇచ్చారు. ముందు ఐదు నిమిషాలు బోరింగు కొట్టి ఆ నీళ్ళు వదిలెయ్యాలి. తర్వాత వచ్చే నీళ్ళతోనే సీసాని మూడుసార్లు కడగాలి. చీటీ మీద ఊరు, బోరింగు ఉన్న చోటు, తేదీ పెన్సిల్‌తో రాయాలి, పెన్ను రాత తడికి కరిగిపోతుంది కాబట్టి. చివర ‘స్వయంగా పట్టినది’ అని రాసి సంతకం చెయ్యాలి.

ఆ ఒక్క శనివారం కోసం నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. మే నెల ఎండలో నందిగామలో బస్సెక్కి, విజయవాడలో ఇంకో బస్సు మారి, ఒళ్ళో సీసా పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒక ఏడు పక్క సీటు పెద్దావిడ, “దాహంగా ఉందమ్మా, ఒక గుక్క ఇటివ్వు” అంది. ఇవ్వనన్నాను. తాగడానికి పనికిరావన్నాను. “తాగడానికి పనికిరాని నీళ్ళు మోసుకెళ్ళడం దేనికో!” అని ఆవిడ బస్సంతా వినేలా అంది. విజయవాడ వచ్చేదాకా అందరూ నన్ను తినేసేలా చూశారు. తీరా ల్యాబ్‌కి వెళ్తే కొలత పూర్తయ్యేదాకా భోజనం లేదు. బ్యాంకు ఆఫీసర్లు, మందుల కంపెనీల మేనేజర్లు, నాలాంటి బడి పంతుళ్ళు, అందరం ఏప్రాన్లు వేసుకుని ఆకలి కడుపులతో వరసలో నిలబడేవాళ్ళం.

మామూలు రోజుల్లోనూ ఆయన వదిలేవారు కాదు. నందిగామలో నా పెళ్ళికి వచ్చి, మా అత్తగారికి నమస్కారం పెట్టి, “మీ ఊళ్ళో బోరు ఎన్ని అడుగులకి పడిందండీ?” అని అడిగారు. చాలాకాలం మా అత్తగారు ఆయన్ని బోర్లు వేయించే కాంట్రాక్టరు అనుకున్నారు. ఏప్రిల్ వచ్చిందంటే ఫోన్లు మొదలు. సీసా ఉందా, మూత బిగుతుగా ఉందా, బోరింగు పనిచేస్తోందా? పాప పుట్టిన ఏడు ఫోన్ చేసి, “అభినందనలండీ. మీరు కదలకండి. ఈ ఏటి గడి ఖాళీగా వదిలేస్తాను. ఖాళీగా ఉంటే తప్పు లేదు. మీరు పట్టకుండా పట్టినట్టు మాత్రం ఉండకూడదు” అన్నారు. బాలింత దగ్గర ఈ మాటలేమిటని మా ఆయన పళ్ళు నూరుకున్నారు.

ఇంత విసుక్కుంటూ ఎందుకు వెళ్ళేదానివని ఎవరైనా అడగవచ్చు. మొదటి ఏడు మా ఊరి నీళ్ళు కొలిచినప్పుడు మీటరు మీద అంకె చూసి నా చెయ్యి ఆగిపోయింది. తాగే నీటికి ఉండాల్సిన హద్దుకి అది రెట్టింపు. మా అమ్మకి నలభై నిండకముందే మోకాళ్ళు బిగిసిపోయాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. కూలి పనికి అరిగిపోయాయని అమ్మ, వాతమని డాక్టరు అంటుండేవాళ్ళు. ఆ బోరింగు నీళ్ళే తాగి పెరిగి, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ వెలగబెట్టిన నేను ఒక్కనాడు కూడా ఆ నీళ్ళని అనుమానించలేదు. మాస్టారు నా పక్కన నిలబడి, “ఇంకోసారి కొలవండి కరుణ గారూ” అన్నారు. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అంతే వచ్చింది.

ఆ అంకెలన్నీ మాస్టారి దగ్గర ఒక పెద్ద రిజిస్టరులో ఉండేవి, ఊరికో పేజీ. ఏటా జూన్‌లో ఆయన దాన్ని సంచిలో పెట్టుకుని నీటి సరఫరా ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగేవారు. కృష్ణ నీళ్ళ పైపులు ముందు ఏ ఊళ్ళకి వెయ్యాలో ఆ ఆఫీసుల్లో జాబితా తయారవుతుంది. వరసగా కొన్నేళ్ళ లెక్కలు చూపించిన ఊరికి ఆ జాబితాలో చోటు దొరికే ఆశ ఉంటుంది. ఎనిమిదేళ్ళకి మా ఊరి పేరు అందులో ఎక్కింది. మరుసటి ఏడు మరోసారి లెక్క చూసి పని మొదలుపెడతామన్నారు. ఆ మాట చెబితే అమ్మ, “మన పేటలోకి కిష్ణ నీళ్ళా? చూద్దాంలే” అంది. అంటూనే కుళాయి ఏ మూల పెడితే బాగుంటుందో చీపురుపుల్లతో గీసి చూపించింది.

ఆ తొమ్మిదో ఏడే నేను తప్పు చేశాను. అప్పుడు నాకు మైలవరం దగ్గర బడిలో ఉద్యోగం. జగ్గయ్యపేటకి బదిలీ కోసం ఆ మే నెలంతా కాళ్ళకి చక్రాలు కట్టుకుని తిరుగుతున్నాను. రెండో శనివారం ముంచుకొచ్చింది. ఊరికి వెళ్ళడానికి ఒక పూట కూడా లేదనిపించింది. నిజానికి ఉంది. ఎండలో వెళ్ళబుద్ధి కాలేదు. అమ్మకి ఫోన్ చేసి, మాస్టారి దగ్గరికి నీళ్ళు కావాలి, సీసా నింపి నందిగామ వచ్చే ఆటోలో పంపించమన్నాను. నందిగామ బస్టాండులో ఆటో దగ్గర సీసా అందుకుని, సిమెంటు బల్ల మీద కూర్చుని, చీటీ మీద ‘స్వయంగా పట్టినది’ అని రాసి సంతకం చేశాను. ఇంత చిన్నదానికి ఏమవుతుందిలే అనుకున్నాను.

ల్యాబ్‌లో మీటరు మీద అంకె హద్దుకి చాలా కింద ఆగింది. మాస్టారు వచ్చి చూశారు. మీటరు సరిచేసి మళ్ళీ కొలిపించారు. అదే అంకె.

“మీరే పట్టారాండీ?”

“నేనే మాస్టారూ.”

“ఐదు నిమిషాలు కొట్టారా?”

“కొట్టానండి.”

ఆయన నా కళ్ళలోకి ఒక్క క్షణం చూసి, సరేనని రిజిస్టరులో రాసుకున్నారు. ఆ పక్క ఊళ్ళో చెరువు బాగుచేశారు కదా, భూమిలో నీళ్ళు పెరిగి ఉంటాయని ఎవరో అన్నారు. నేనూ తలూపాను. ఆ వారమే నా బదిలీ అయింది. ఇంట్లో పాయసం వండాను.

జూన్ ఆఖరులో మాస్టారి ఫోను వచ్చింది. మా ఊరి పేరు జాబితాలోంచి తీసేశారట. తాజా లెక్క హద్దులోపే ఉంది కాబట్టి అవసరం లేదన్నారట. ఆయన గొంతులో కోపం లేదు, అయోమయం ఉంది. ఫోన్ పెట్టేసి నేను ఆటో మాట్లాడుకుని నేరుగా ఊరికి వెళ్ళాను. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

“అమ్మా, మొన్న సీసాలో ఏ నీళ్ళు పోసావు?”

“మంచి నీళ్ళేనే. నీళ్ళ బండి వస్తే టిన్ను కొని పోసా.”

“బోరింగు నీళ్ళు కదే పంపమంది!”

“నువ్వు నీళ్ళన్నావు గానీ బోరింగన్నావా? అయినా ఆ నీళ్ళు ఎట్టా పంపిస్తానే? అంత పెద్దాయనకి. నిన్ను గారూ అని పిలిచే మనిషాయె. పొరపాట్న ఒక గుక్క నోట్లో పోసుకుంటే?”

నీళ్ళ బండి మెయిన్ రోడ్డు మీదే ఆగుతుంది, ఊరి చివర మా పేటలోకి రాదు. ఆ బిగిసిన కాళ్ళతో అక్కడికి నడిచి టిన్ను ఎలా మోయించుకుని వచ్చిందో నేను అడగలేదు. మిగిలిన నీళ్ళు ఏం చేసావంటే, గుడ్డ కప్పి దాచానంది, పాస్టరు గారో ఎవరో వస్తే ఇవ్వడానికి. నువ్వు తాగలేదా అంటే, “నాకెందుకే, అలవాటైన పేణం” అంది. నేను గట్టిగా అరిచాను. అమ్మ మీద కాదని నాకు తెలుసు, అమ్మకి తెలియదు. ఆవిడ బిక్కమొహం వేసి నా కోసం టిన్ను నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

మరునాడు యూనివర్సిటీకి వెళ్ళి మాస్టారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ అంకె కొట్టెయ్యమని బతిమాలాను. ఆయన రిజిస్టరు తీసి మా ఊరి పేజీ తెరిచారు. తర్వాత, “అమ్మగారు ఇప్పుడు ఏ నీళ్ళు తాగుతున్నారండీ?” అన్నారు.

“బోరింగువే.”

“కొలిచిన అంకె కొట్టెయ్యకూడదు కరుణ గారూ. టిన్ను నీళ్ళల్లో అంతే ఉంది, మీటరు తప్పు చెప్పలేదు. తప్పు ఎక్కడ జరిగిందో పక్కన రాయండి.”

పెన్సిల్ కోసం చెయ్యి చాచాను. ఆయన పక్క గదికి వెళ్ళి ఎవరినో అడిగి పెన్ను తెచ్చారు. నేను రాశాను. ‘ఈ ఏటి నీళ్ళు మా ఊరి బోరింగువి కావు. మా అమ్మ కొన్న టిన్నువి. నేను ఊరికి వెళ్ళలేదు. వెళ్ళి స్వయంగా పట్టానని రాసి సంతకం చేశాను. అది అబద్ధం.’ కింద పూర్తి పేరు రాయమన్నారు. రాస్తుంటే ఆయన మీద నాకు వచ్చినంత కోపం నా జన్మలో ఎవరి మీదా రాలేదు.

ఆ పేజీ తీసుకుని ఇద్దరం నందిగామలో నీటి సరఫరా ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన చదివి నవ్వారు. “ఒకటి అబద్ధమైతే మిగతావి నిజమని ఏంటండీ గ్యారంటీ? ఇన్ని ఊళ్ళ లెక్కలూ పక్కన పెట్టాల్సిందే ఇక” అన్నారు. మా ఊరొక్కటే పోయిందనుకున్నాను. నా సంతకం ఆ రిజిస్టరులో ఉన్న ఊళ్ళన్నిటి మీదా పడింది.

మాస్టారు నెమ్మదిగా అన్నారు. “అబద్ధమని మీకు చెప్పింది కూడా మేమేనండీ. మీ అంతట మీకు తెలీదు.”

“తెలీదు, కరెక్టే. అయినా వచ్చే ఏడు చూద్దాం మాస్టారూ.”

వచ్చే ఏడు అంటే మా అమ్మకి ఇంకో ఏడు ఆ నీళ్ళే. మాస్టారు లేచి నమస్కారం పెట్టి వచ్చేశారు. ఆ తర్వాత ప్రతి సోమవారం, అర్జీలు తీసుకునే రోజున, పొద్దున్నే బస్సెక్కి నందిగామ వచ్చి ఆ ఆఫీసు వరండాలో కూర్చునేవారు. యూనివర్సిటీలో సెలవు పెట్టి మరీ. చేతిలో ఖాళీ సీసా. ఇంజనీరు గారు కనిపించగానే లేచి నిలబడి, “ఒక్కసారి మీరే వచ్చి పట్టండి. మమ్మల్ని నమ్మక్కర్లేదు” అనేవారు. నేనూ బడికి పర్మిషన్ పెట్టి వచ్చి పక్కన కూర్చునేదాన్ని. ఆయన నన్ను రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. ఐదో సోమవారమో ఆరో సోమవారమో ఇంజనీరు గారికి తల ప్రాణం తోకకి వచ్చింది. “పదండి బాబూ, పదండి! పట్టేస్తా, నన్నొదిలెయ్యండి” అని జీపెక్కారు.

పేటలో జీపు ఆగగానే అమ్మ కంగారుపడిపోయి లోపలి నుంచి స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చింది. మూలన గుడ్డ కప్పిన టిన్ను మాస్టారి కంటబడింది.

“అమ్మా, ఆయనకి మీరు రోజూ తాగే నీళ్ళివ్వండి.”

“అయ్యో, ఆఫీసరు గారికి అవెట్టా ఇస్తానయ్యా? తప్పు కాదూ?”

“పరవాలేదమ్మా. అవే ఇవ్వండి.”

అమ్మ నా వైపు చూసింది. ఇవ్వమన్నట్టు తలూపాను. ఆవిడ గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళి, బిందెలో బోరింగు నీళ్ళు ముంచి తెచ్చి ఇంజనీరు గారి చేతిలో పెట్టింది. ఇచ్చి గుమ్మం మీద కూర్చోబోయింది. మోకాళ్ళు వంగవు కాబట్టి తలుపు చట్రం పట్టుకుని, కాళ్ళు రెండూ ముందుకి చాపి, కిందికి పడినట్టే కూర్చుంది. ఇంజనీరు గారు గ్లాసు పట్టుకుని ఆవిడనే చూస్తూ ఉండిపోయారు. గ్లాసు పెదాల దాకా ఎత్తారు. తాగలేదు. దాన్ని అరుగు మీద పెట్టి, సీసా తీసుకుని బోరింగు దగ్గరికి నడిచారు. ఒకసారి కడిగి నింపబోతే మాస్టారు వదల్లేదు. “మూడుసార్లండీ” అన్నారు. ఆయన మూడుసార్లూ కడిగారు. చీటీ మీద ఆయన చేతే ‘స్వయంగా పట్టినది’ అని రాయించారు.

మా ఊరి పేరు మళ్ళీ జాబితాలో ఎక్కింది. మిగతా ఊళ్ళ లెక్కల జోలికి ఎవరూ రాలేదు. ఆ ఏటి పనులు అప్పటికే పంచేశారు కాబట్టి ఏడాది ఆలస్యంగా పేటలోకి కుళాయి వచ్చింది. అమ్మ గీసిన మూలలో కాకుండా అవతలి మూలలో పెట్టారు. నీళ్ళు మారినంత మాత్రాన మోకాళ్ళు వంగవు. ఆ ఏడాది నా వల్ల పోయింది. అమ్మ ఎప్పుడూ ఆ మాట అనలేదు, నేను మర్చిపోలేదు.

కథ అక్కడితో అయిపోయుంటే మాస్టారితో నాకు తగాదా ఉండేది కాదు. ఆ తర్వాత ఏటా కొత్త బ్యాచి పిల్లలకి సీసాలు ఇచ్చే ముందు ఆయన రిజిస్టరులో నా పేజీ తీసి చదివించడం మొదలుపెట్టారు. నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లలు కూడా అక్కడ ఆ పేజీ చూసి, నాకు ఎదురుపడితే ముఖం పక్కకి తిప్పుకునేవాళ్ళు. ఒక మే నెలలో ల్యాబ్ ఖాళీ అయ్యేదాకా ఆగి అడిగేశాను.

“ఇంకా ఎన్నేళ్ళు చూపిస్తారండీ అది? నా పేరు మీద ఒక కాగితం ముక్క అంటించండి, దణ్ణం పెడతా.”

“అంటిస్తే కింద ఏముందో అని గోకి మరీ చూస్తారండీ.”

“నవ్వులాటగా ఉందా మాస్టారూ మీకు? నా పరువు పోతోంది!”

ఆయన పెన్సిల్ జేబులో పెట్టుకున్నారు. “ఈ రిజిస్టరులో ఇన్నేళ్ళ అంకెలున్నాయి. ఎవరైనా ఎందుకు నమ్మాలి చెప్పండి? ఈ ఒక్క పేజీ ఉంది కాబట్టి మిగతావి నమ్ముతున్నారు. ఇది మీ పరువు తీసే పేజీ అని నేననుకోలేదండీ.”

నేను సంచి భుజానికి తగిలించుకుని వచ్చేశాను. ఏడాదిపాటు ఆయన ఫోన్ ఎత్తలేదు. రెండో శనివారం మాత్రం సీసాతో వెళ్ళాను. ఎడమొహం పెడమొహంగానే కొలిచాను, భోంచేశాను, వచ్చాను. ఆయనేమో ఏమీ జరగనట్టు, “మూత బిగుతుగా ఉందాండీ?” అన్నారు.

ఆయన అంటించినది నీళ్ళ పిచ్చి ఒక్కటే అయితే ఎలాగో భరించేదాన్ని. నా సంతకం కూడా నా చేతుల్లోంచి పోయింది. బడిలో చెయ్యని ప్రయోగాలకి రికార్డుల మీద సంతకం పెట్టమంటారు. పెట్టను. రాని పిల్లలకి హాజరు వెయ్యమంటారు. వెయ్యను. హెడ్మాస్టర్లు మారినా అందరికీ నేనంటే తలనొప్పే. నాకూ హాయిగా ఉండదు. సంతకం పెట్టబోయేటప్పుడల్లా చెయ్యి ఆగుతుంది, నందిగామ బస్టాండు బల్ల కనిపిస్తుంది. ఇంత సుఖం లేని బతుకు ఇచ్చినందుకు ఆయన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్క లేదు.

మాస్టారు రెడ్డిగూడెంలో పోయారు, నిద్రలోనే. సమాధి కార్యక్రమానికి నాలుగు జిల్లాల నుంచి పాత విద్యార్థులు వచ్చారు. పూర్వ విద్యార్థుల సంఘం వాళ్ళు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. బతికుండగా శాలువా కప్పుతామంటే ఆయన తీరిక లేదని తప్పించుకున్నారు కదా, ఆ బాకీ వాళ్ళు ఫ్లెక్సీతో తీర్చుకున్నారు. నెల తర్వాత సంస్మరణ సభలో ఆ రిజిస్టరుని సైన్సు విభాగం హాల్లో అద్దాల బీరువాలో భద్రపరుస్తామని ప్రకటించారు. చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. వేదిక దగ్గరికి వెళ్ళి, “దీంట్లో ఇంకా పేజీలున్నాయండీ. మే నెలకి కావాలి” అని తీసి సంచిలో పెట్టుకున్నాను. ఎవరూ అడ్డం రాలేదు. ల్యాబ్ ఒక్క శనివారం ఇప్పించుకోవడానికి మాత్రం నేను ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగానో నాకే తెలుసు. ఫోన్లు చెయ్యడం కూడా నా నెత్తినే పడింది. “కొంచెం బిజీ మేడమ్” అనే మాట రోజుకి ఇరవైసార్లు వింటున్నాను. ఆయన ఇదంతా ఇన్నేళ్ళు ‘అండీ’ అంటూ ఎలా చేశారో నాకు అర్థం కాదు. నేను అరిచేస్తున్నాను.

మొన్నటి మే నెలలో జగ్గయ్యపేట పక్క ఊరి నుంచి సంధ్య అని ఒక అమ్మాయి కొత్తగా వచ్చింది. అంతకుముందు ఏడు ఎమ్మెస్సీ అయింది, ఏదో కంపెనీలో చేరింది. సీసా నిండుగా, చీటీ మీద ముత్యాల్లాంటి అక్షరాలు. సీసాలిచ్చేటప్పుడు చదివించే మాస్టారు లేరు కాబట్టి, కొలిచే ముందే కొత్తవాళ్ళ చేత ఆ పేజీ చదివించాలి. దాన్ని చదివించాలా వద్దా అనేది ఇప్పుడు నా ఇష్టం. చించినా అడిగేవాళ్ళు లేరు. రిజిస్టరు తెరిచి ఆ అమ్మాయి ముందుకి తిప్పాను.

“పైకి చదువమ్మా.”

చదివింది. చివర నా పూర్తి పేరు దగ్గర ఆగి, తలెత్తి, “ఈ కరుణ అంటే... మీరేనా మేడమ్?” అంది.

“నేనే.”

చుట్టూ ఉన్నవాళ్ళు తమ తమ సీసాల వైపు చూసుకుంటున్నారు. సంధ్య కాసేపు ఆ పేజీ మీదే కళ్ళు పెట్టి నిలబడింది. తర్వాత చెయ్యి చాచి బల్ల మీద తన సీసా తీసుకుని, చీటీ పీకేసి, సింకు దగ్గరికి వెళ్ళి నీళ్ళన్నీ ఒంపేసింది.

“మళ్ళీ పట్టుకొస్తా మేడమ్. రేపు ఆదివారం కదా, ల్యాబ్ ఉండదేమో...”

ఉండదు. తాళంచెవి సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలి. మరొక్క రోజు కోసం ఎవరెవరి కాళ్ళు పట్టుకోవాలో తలుచుకుంటేనే నీరసం వచ్చింది. పట్టలేని విసుగు వచ్చింది. దానితోపాటే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

“రండి,” అన్నాను. “తీయిస్తాను.”